మైకు లేని ఆదివారాలు

ఆ వానాకాలం మొదలయ్యేనాటికి మా ఇంట్లో ఇద్దరమే ఉండేవాళ్ళం. నేనూ, మా అత్తగారూ. అత్తగారంటే కాగితాల ప్రకారం మాజీ. ఆవిడ కొడుకు నాతో విడిపోయి, ఇంకొకావిడను చేసుకుని, ఊరికి ఆ చివర పెద్ద ఇల్లు తీసుకుని, తల్లిని తీసుకుపోదామని కారు వేసుకొచ్చాడు. ఆవిడ కారు దాకా వెళ్ళింది. వెనకసీటు తలుపు తీసి, లోపలికి తొంగి చూసి, తిరిగొచ్చేసింది. "ఆ కారులో ఏదో వాసన వస్తోందిరా, నాకు పడదు" అంది కొడుకుతో. నేరుగా వంటింట్లోకి వచ్చి కూరలు తరగడం మొదలుపెట్టింది. మేం ఒకరికొకరం ఏమవుతామన్న సంగతి ఆ తర్వాత మా మధ్య ఎన్నడూ రాలేదు.

నేను చెవి పరీక్షలు చేస్తాను. చెవి, ముక్కు, గొంతు డాక్టరుగారి క్లినిక్కులో వెనకవైపు ఒక చిన్న గది నాది. ఆ గదిలో ఇంకో బుల్లి గది, గోడలకు మెత్తలు, ముందు అద్దం. పేషెంటును అందులో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్స్ తగిలించి, చేతికి బటన్ ఇచ్చి తలుపు మూస్తాను. ఇవతల మిషను దగ్గర కూర్చుని సన్నటి శబ్దాలు పంపిస్తాను. వినపడితే బటన్ నొక్కాలి. అంతే పని. అద్దం అవతల జనం కళ్ళు చిట్లించుకుని, ఊపిరి బిగబట్టి వింటూ ఉంటారు. మనుషులు అంత శ్రద్ధగా వినడం నేను అక్కడ తప్ప మరెక్కడా చూడలేదు.

వారంలో మిగతా రోజులు ఎలాగో గడిచిపోయేవి. ఆదివారమే నాకు పడేది కాదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక అత్తయ్య నడుం వాల్చేది. ఆ తర్వాత ఇల్లు మీద పడుతున్నట్టుండేది. బీరువా సర్దేదాన్ని. సర్దిన బీరువానే మళ్ళీ సర్దేదాన్ని. ఫోనులో పేర్లన్నీ పైనుంచి కింది దాకా జరిపి, ఎవరికీ చెయ్యకుండా పక్కన పెట్టేదాన్ని.

అలాంటి రోజుల్లో పళ్ళ డాక్టరమ్మ పరీక్షకు వచ్చింది. పళ్ళు తొలిచే మిషను రొద ఎప్పుడూ చెవి పక్కనే కదా, ఆవిడ ఏడాదికోసారి వచ్చి చెవులు చూపించుకునేది. అంతా బాగానే ఉందని చెబితే గుండెల మీద చెయ్యేసుకుంది.

"హమ్మయ్య. వయొలిన్ వాయిస్తానండీ నేను. చెవులు పోతే ఇక నాకేం మిగలదు."

"ఎక్కడ వాయిస్తారు?"

"ఎక్కడా లేదు. మా వంటింట్లో. నేను వాయించేది జనానికి ఎక్కేది కాదులెండి. పాట ఉండదు, తాళం ఉండదు, మైకు పెట్టను. ఒక స్వరం పట్టుకుని, అది సన్నబడి పోయేదాకా ఉండి, ఇంకోటి అందుకుంటాను. ఒకసారి హోటల్లో వాయించమన్నారు. ప్లేట్ల చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. నాక్కూడా."

"మీలా వాయించేవాళ్ళు ఇంకెవరూ లేరా?"

"ఉండే ఉంటారు. ఒకరికొకరం తెలియం, అంతే."

ఎందుకన్నానో నాకే తెలియదు. "గది నేను చూస్తానండీ, ఆదివారాలకి" అనేశాను. సంగీతంలో నాకు ఓనమాలు రావు.

పెయింట్ల షాపు పైన పిల్లలకు డాన్సు నేర్పే హాలు ఒకటుంది. ఒక గోడంతా అద్దాలే. ఆదివారం ఖాళీగా ఉంటుంది. షాపాయన మా క్లినిక్కులోనే చెవి మిషను పెట్టించుకున్నాడు. "వాడుకోండమ్మా, కానీ అద్దాల మీద చేతులు వెయ్యనివ్వద్దు" అన్నాడు. హాల్లో ఎప్పుడూ కింది నుంచి టర్పెంటైన్ వాసన వచ్చేది. పైన రేకుల కప్పు. వానాకాలంలో, రేకుల కింద, మైకు లేని సంగీతం పెట్టాలన్న తెలివి నాకే వచ్చింది మరి.

పోస్టరు కూడా నా తెలివే. క్లినిక్కులో ఉన్న చెవి బొమ్మను కాగితం మీదికి ఎక్కించి, కింద "ఆదివారం సాయంత్రం. మైకు లేకుండా వినండి. ఉచితం. అందరూ రావచ్చు" అని రాసి, జిరాక్సులు తీయించాను. బస్టాపులో, లైబ్రరీ మెట్ల దగ్గర, మందుల షాపు అద్దానికి అంటించుకుంటూ పోయాం. అత్తయ్య జిగురు డబ్బా పట్టుకుని వెంట నడిచింది.

"ఎవరొస్తారంటావు?" అంది.

"ఎవరో ఒకరు రాకపోరు."

వచ్చారు. ఆదివారం నేను హాలు తలుపు తీసేసరికే మెట్ల మీద ముసలివాళ్ళు వరసగా నిలబడి ఉన్నారు. కొందరి చేతుల్లో పాత రిపోర్టులున్నాయి. ఒకాయన చెవిలో దూది పెట్టుకుని సిద్ధంగా వచ్చాడు. చెవి బొమ్మ చూసి, ఉచితం అన్న మాట చూసి, ఉచిత చెవి పరీక్ష అనుకున్నారట. మైకు లేకుండా వినడమంటే చెవి మిషను అక్కర్లేకుండా చేస్తారని మందుల షాపతను వాళ్ళకు అర్థం కూడా చెప్పాడట. నేను తప్పు ఒప్పుకుని, సోమవారం క్లినిక్కుకు రమ్మని ఒక్కొక్కరికీ నచ్చజెప్పి పంపేసరికి తలప్రాణం తోకకొచ్చింది. డాక్టరమ్మ వయొలిన్ పెట్టె ఒళ్ళో పెట్టుకుని నవ్వాపుకుంటూ కూర్చుంది.

ఒకాయన మాత్రం వెళ్ళలేదు. బయట వాన అందుకుంది, ఆయనకు గొడుగు లేదు. పొడుగ్గా, కాస్త వంగిన మనిషి. కుట్టుమిషన్ల మెకానిక్కునని చెప్పాడు.

"ఇంతకీ ఇక్కడ ఏం జరుగుతుందమ్మా?"

"సంగీతమండీ."

"ఏం సంగీతం?"

నేను తడుముకుంటుంటే అత్తయ్య అందుకుంది. "మెల్లగా వాయిస్తారట. పాట ఉండదట. నాకూ తెలీదు. కూర్చోండి, ఇద్దరం కలిసి తెలుసుకుందాం."

డాక్టరమ్మ మొదలుపెట్టింది. రేకుల మీద వాన దంచుతోంది. ఆవిడ చెయ్యి కదలడం కనిపిస్తోంది గానీ ఒక్క ముక్క వినపడదు. ఆవిడ ఆపలేదు. వాన కాస్త తగ్గేసరికి, ఎప్పటినుంచో అక్కడే ఉన్నట్టు, సన్నగా ఒక స్వరం బయటపడింది. మెకానిక్కు చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని ముందుకు వంగాడు. అత్తయ్య వంక చూశాను. నిద్రపోతుందనుకున్నాను. పోలేదు.

అయ్యాక మెకానిక్కు లేచి గొంతు సవరించుకున్నాడు. "నా దగ్గర క్లారినెట్టు ఒకటుందమ్మా. మా ఫ్యాక్టరీ బ్యాండులో వాయించేవాణ్ణి. బ్యాండూ పోయింది, ఫ్యాక్టరీ కూడా పోయింది. అది మాత్రం మంచం కింద ఉంది."

"పట్టుకురండి" అంది డాక్టరమ్మ.

"నాకు గట్టిగా ఊదడమే వచ్చు."

"మెల్లగా ఊదడం దానికంటే కష్టం. నేర్చుకుందురు గాని."

అలా మొదలైంది. చెవి బొమ్మ తీసేయించింది అత్తయ్యే. మూడో మనిషి నాకు బస్సులో దొరికాడు. డ్యూటీ దిగే ముందు ఆఖరి స్టాపులో, ఖాళీ బస్సులో, ఒక కండక్టరు వెనకసీటులో కూర్చుని మౌతార్గాన్ వాయించుకుంటున్నాడు. గొడుగు మరిచిపోయి వెనక్కి ఎక్కి విన్నాను.

"ఎవరికోసమండీ వాయిస్తున్నారు?"

"సీట్ల కోసం" అన్నాడు. "పాపం, పొద్దున్నుంచీ మోస్తున్నాయి కదా."

తర్వాతి ఆదివారం అతనూ వచ్చాడు.

జనాన్ని కూడగట్టడమంటే ఏమిటో నాకెవరూ నేర్పలేదు. నాకు తోచింది నేను చేశాను. ఒకసారి వచ్చినవాళ్ళకు గురువారం ఫోను చేసేదాన్ని, "వస్తున్నారు కదా" అని. ఒంటరిగా వచ్చినవాళ్ళను ఒంటరిగా వచ్చినవాళ్ళ పక్కనే కూర్చోబెట్టేదాన్ని. వాయించడం అయిపోయాక ఎవరూ వెంటనే దిగిపోకుండా టీ పోసేదాన్ని. చేతిలో గ్లాసు ఉంటే మనిషి ఏదో ఒకటి మాట్లాడక తప్పదు. రాత్రి డ్యూటీలు చేసే నర్సు ఒకమ్మాయి వచ్చేది. వాయిస్తున్నంతసేపూ నిద్రపోయేది. మొదట్లో సిగ్గుపడి క్షమించమంది. "నాకు నిద్ర పట్టే చోటు ఇదొక్కటేనండీ" అంది. డాక్టరమ్మ తన కోటు తెచ్చి ఆ అమ్మాయి మీద కప్పింది. విడాకుల కేసులు చూసే వకీలు ఒకాయన వచ్చేవాడు. వారమంతా అరుపులే వింటానని, ఇక్కడ ఎవరూ వాదించరని వస్తానని చెప్పేవాడు. నేను ఆయన్ను నర్సు పక్కన కూర్చోబెట్టాను. ఆ అమ్మాయి తల ఆయన భుజం మీద వాలితే ఆయన గంటసేపు కదలకుండా కూర్చున్నాడు. వానలు ముదిరేసరికి వాళ్ళిద్దరూ ఒకే గొడుగులో రావడం మొదలుపెట్టారు.

నాకు కుర్చీ ఉండేది కాదు. తలుపు దగ్గర నిలబడేదాన్ని. ఆ తలుపు కిర్రుమనేది. ఆలస్యంగా వచ్చేవాళ్ళకు లోపలినుంచి గడియ కొద్దిగా ఎత్తిపట్టి తీస్తే చప్పుడు రాదు. ఆ పట్టు నాకొక్కదానికే తెలుసు. అందుకని ఏ ఆదివారమూ నేను పూర్తిగా వినలేదు. సగం చెవి మెట్ల మీదే ఉండేది. అయ్యాక అందరూ ఇద్దరిద్దరుగా, ముగ్గురేసిగా కబుర్లు చెప్పుకుంటూ దిగిపోయేవాళ్ళు. కండక్టరు డాక్టరమ్మ స్కూటరు వెనక ఎక్కి "రైట్, రైట్" అని తడుతూ పోయేవాడు. "మీ రుణం తీర్చుకోలేమండీ" అని ప్రతివాళ్ళూ నాతో అని మరీ వెళ్ళేవాళ్ళు. నేనూ అత్తయ్యా కుర్చీలు మడిచి గోడకు చేర్చి, గ్లాసులు కడిగి, బస్సెక్కేవాళ్ళం. బస్సులో ఆవిడ నా భుజానికి ఆనుకుని కూర్చునేది. ఎవరెవరు ఏమన్నారో అన్నీ నాకు మళ్ళీ చెప్పేది. అవన్నీ ఆవిడ విన్నవి, నేను తలుపు దగ్గర పోగొట్టుకున్నవి.

మెకానిక్కు చెవులు నేనే పరీక్ష చేశాను. ఏళ్ళ తరబడి మిషన్ల మధ్య పనిచేసిన చెవులు ఎలా ఉంటాయో అలాగే ఉన్నాయి. బొంగురు శబ్దాలు బాగానే వినపడతాయి. పైస్థాయి సన్నటి శబ్దాలు ఒక మెట్టు దాటాక ఇక లేవు. డాక్టరమ్మ వయొలిన్ పైకి వెళ్ళి వెళ్ళి తుదకు వచ్చినప్పుడు ఆయనకు అది ఎక్కడ ఆగిందో తెలిసేది కాదు. ఆగకముందే ఊదేసి నాలుక్కరుచుకునేవాడు. లేదా అందరూ తనకోసం కాచుకుని ఉన్నారని తెలియక బొమ్మలా కూర్చునేవాడు. "నన్ను వదిలెయ్యండమ్మా, మీ పని పాడుచేస్తున్నాను" అని రెండుసార్లు క్లారినెట్టు పెట్టెలో పెట్టేశాడు కూడా.

ఒక ఆదివారం వాన పూర్తిగా తెరిపిచ్చింది. హాలు నిండింది. డాక్టరమ్మ వయొలిన్ ఎప్పటిలా పైకి, ఇంకా పైకి పోయింది. దారం సూదిలో దూరేముందు సన్నబడ్డట్టు సన్నబడింది. నేను మెకానిక్కునే చూస్తున్నాను. ఇప్పుడు ఆయనకు ఏమీ వినపడటం లేదని నాకు తెలుసు. ఆయన పక్కన అత్తయ్య కూర్చుని ఉంది. ఆవిడ రెండు వేళ్ళు ఆయన చొక్కా చేతి అంచు మీద ఉన్నాయి. ఆవిడ ఆయన వైపు చూడటం లేదు, వయొలిన్ వైపు చూస్తోంది. స్వరం పోయింది. ఆవిడ వేళ్ళు ఎత్తేసింది. ఆయన క్లారినెట్టు పెదాలకు ఆనించాడు. సరిగ్గా ఎక్కడ అందుకోవాలో అక్కడే అందుకున్నాడు.

ఎవరూ గమనించలేదు. కండక్టరు కళ్ళు మూసుకుని ఉన్నాడు. మెట్ల మీద ఎవరివో అడుగులు వినపడితే నేను తలుపు గడియ ఎత్తిపట్టాను.

బస్సులో అడిగాను. "ఎప్పట్నుంచి అత్తయ్యా, ఆ చొక్కా పట్టుకోవడం?"

"అదా" అందావిడ. "పాపం, ఆయనకి వినపడదుగా." అని కిటికీ వైపు తిరిగింది. ఆ రోజు ఇంకేం కబుర్లు చెప్పలేదు.

తర్వాత్తర్వాత ఆవిడ టీ కాగానే మెకానిక్కుతో మెట్లు దిగుతూ, "నువ్వు పద అమ్మాయ్, నేను కాసేపు ఆగి వస్తా" అనడం మొదలైంది. కుర్చీలు నేనొక్కదాన్నే మడవడం అలవాటైంది.

ఒకరోజు మెకానిక్కు చెవి మిషను పెట్టించుకోవడానికి క్లినిక్కుకు వచ్చాడు. లోపల కూర్చోబెట్టి హెడ్‌ఫోన్స్ పెట్టాను. ఇవతలికి వచ్చి కూర్చున్నానో లేదో, ఆయన బటన్ నొక్కాడు. నా మిషను మీద దీపం వెలిగింది.

మైకులో చెప్పాను. "నేనింకా శబ్దం పంపలేదండీ."

"ఏదో వినపడినట్టయింది" అన్నాడు. ఆయన మాట నాకు స్పీకర్లోంచి వస్తోంది. మళ్ళీ నొక్కాడు.

"కంగారు పడకండి. నిదానంగా."

"కంగారేనమ్మా. ఒక మాట అడగాలని వచ్చాను. మొహం చూస్తూ అడగలేను, ఇలాగైతే నయం." అని అద్దం వైపు కాకుండా పక్క గోడ వైపు తిరిగాడు. "మా ఇంట్లో నేనూ, పాత మిషన్లూ తప్ప ఎవరూ లేరు. ఆవిడ వస్తానంది. సంతకాలు పెట్టి పద్ధతిగానే. కానీ 'మా అమ్మాయి ఊఁ అంటేనే' అంది. ఆవిడ తరఫున పెద్దదిక్కు మీరేనట కదా."

నా చెయ్యి మీట మీద ఉంది. "నేను ఆవిడ కోడల్ని కూడా కానండీ ఇప్పుడు."

"ఆ ముక్క మీరు ఆవిడతో చెప్పి చూడండి" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. నవ్వు సగంలోనే ఎక్కడో ఆగిపోయింది. బొంగురు శబ్దం ఒకటి పంపాను. ఆయన నొక్కాడు. ఇంకోటి పంపాను. నొక్కాడు. పరీక్ష అంతా పూర్తి చేసి, రిపోర్టు రాసి, చెవి మిషను రోజూ ఎలా తుడవాలో చూపించి పంపించాను. ఆయన అడిగినదానికి మాత్రం జవాబివ్వలేదు. ఆయనా రెట్టించలేదు.

ఈ సంగతి ఎలా పొక్కిందో ఆవిడ కొడుకు దాకా వెళ్ళింది. ఫోను చేశాడు.

"అమ్మ వయసెంతో తెలుసా నీకు?"

"తెలుసు. మోకాళ్ళ నొప్పుల మందులు తెచ్చేది నేనే."

"నలుగురూ ఏమనుకుంటారు?"

"ఆ నలుగురూ ఆదివారం మా హాలుకే వస్తున్నారు. ఎవరూ ఏమీ అనుకోవట్లేదు."

"ఇదంతా నువ్వు పెట్టిన చిచ్చే."

నేను ఫోను పెట్టేశాను. గది చూసింది నేనే. పోస్టరు అంటించింది నేనే. మొదటి ఆదివారం ఉన్న రెండు మంచి కుర్చీలూ పక్కపక్కన వేసిందీ నేనే.

అత్తయ్య ఆ సాయంత్రం ముందు గదిలో ఆరేసిన బట్టలు తీసి మడతపెడుతోంది. వానకు ఆరీ ఆరని బట్టలు. నేను అవతలి కొస పట్టుకున్నాను. ఇద్దరం ఒక దుప్పటి మడిచాం.

"వాడు ఫోను చేశాడా?" అంది.

"చేశాడు."

"నువ్వు వద్దంటే మానేస్తానమ్మాయ్. నిష్ఠూరమేం లేదు. నాకిక్కడ ఏం తక్కువని."

"మీకేమనిపిస్తోంది అత్తయ్యా?"

ఆవిడ దుప్పటి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. చాలాసేపు దాని అంచు సరిచేసింది.

"మీ మామగారికి నేనేం చెప్పినా వినపడేది కాదు. చెవులు బాగుండి కూడా. ఈయనకి చెవులు లేవు. ఏదన్నా చెప్తే 'ఏమన్నావ్' అని మళ్ళీ అడుగుతాడు. మళ్ళీ చెప్తాను. అప్పటికీ అందకపోతే దగ్గరికొచ్చి కూర్చుని మళ్ళీ అడుగుతాడు. ఇన్నేళ్ళ బతుకులో నేను చెప్పింది ఇంకోసారి చెప్పమని అడిగినవాళ్ళు లేరమ్మాయ్."

నేను అడగలేదా అనుకున్నాను. లేదు. అడగలేదు. నావి మంచి చెవులు. నాకు అన్నీ ఒక్కసారికే వినపడతాయి. పక్క గదిలోంచి అన్నా, మొహం తిప్పుకుని అన్నా అందేవి. ఆవిడతో ఇంకోసారి చెప్పించుకోవలసిన అవసరమే నాకెప్పుడూ రాలేదు.

ఉండిపొండి అన్న మాట నాలుక చివర దాకా వచ్చింది. ఆ ఒక్క మాట అంటే ఆవిడ ఉండిపోతుంది. ఇంకెప్పుడూ ఆ ఊసు ఎత్తదు కూడా. వచ్చే ఆదివారం నాతోపాటు కుర్చీలు మడుస్తుంది, బస్సులో నా భుజానికి ఆనుకుని కూర్చుంటుంది. ఆ తర్వాతి ఆదివారమూ అంతే. ఇవన్నీ నాకు కళ్ళకు కట్టినట్టు కనిపించాయి. ఇంకో దుప్పటి అందుకుని కొస ఆవిడ చేతికిచ్చాను.

"మీ మోకాళ్ళ మందు అన్ని షాపుల్లోనూ దొరకదు" అన్నాను. "ఏ షాపో ఆయనకి నేను చూపించాలి."

ఆవిడ నా మొహంలోకి చూసింది. దుప్పటి కొసలు కలిపింది.

రిజిస్ట్రారు ఆఫీసుకు ఆదివారం బృందం మొత్తం తరలివచ్చింది. కండక్టరు సెలవు పెట్టాడు. నర్సు డ్యూటీ దిగి నేరుగా వచ్చి బెంచీ మీద నిద్రపోయింది. కొడుకు రాలేదు. సాక్షి సంతకం పెట్టడానికి నేను వెళితే, గుమాస్తా కలం ఎత్తి, "మీరు ఏమవుతారండీ?" అన్నాడు. నేను అత్తయ్య వైపు చూశాను, ఆవిడ నా వైపు చూసింది. వకీలు ముందుకొచ్చి "ఆత్మీయురాలు అని రాసుకోండి" అన్నాడు. అలా రాశారు.

ఆవిడ మంచాన్ని మెకానిక్కే వచ్చి విప్పాడు. ఒక్క మేకు వంగకుండా, అన్నీ ఒక డబ్బాలో వేసుకుని, పనివాడి నేర్పుతో చక్కగా విప్పాడు. ఆటోలో కట్టేశాక అత్తయ్య వంటింట్లోకి వెళ్ళి పొయ్యి కట్టేసి ఉందో లేదో చూసి వచ్చింది. "జాగ్రత్త" అంది. "మీరూ" అన్నాను. ఆటో మలుపు తిరిగేదాకా గుమ్మంలో ఉన్నాను. లోపలికొచ్చి టీ పెట్టుకున్నాను.

ఇన్నాళ్ళూ రాత్రిళ్ళు నేను ఆవిడ గురక అనుకున్నది సగం ఫ్రిజ్‌దని ఆ వారంలోనే తెలిసింది. ఫోను చేసి చెబుదామనుకున్నాను. చేశాను కూడా. ఆయన ఎత్తి, "ఏమన్నారు? ఏమన్నారు?" అని అడుగుతుంటే వెనక నుంచి ఆవిడ నవ్వు వినపడింది. ఏం లేదండీ, ఆదివారం సంగతి గుర్తు చేద్దామని, అని పెట్టేశాను.

వానలు వెనకపట్టాయి. రేకుల మీద చినుకు లేని మొదటి ఆదివారం హాలు కిటకిటలాడింది. కుర్చీలు చాలక కొందరు అద్దాల గోడకు ఆనుకుని నిలబడ్డారు. షాపాయన కింది నుంచి వచ్చి చూసి, అద్దాల సంగతి ఎత్తకుండా తనూ ఒక మూల నిలబడ్డాడు. కొత్తవాళ్ళలో ఇంకో వయొలిన్ ఆవిడా, వేళ్ళతో గాజు గ్లాసుల అంచులు రుద్ది మోగించే డ్రాయింగు మాస్టారూ ఉన్నారు. వాళ్ళెవరికీ నేను ఫోను చెయ్యలేదు. ఎవరెవరో పిలిస్తే వచ్చారట. ఇకనుంచి ఫోన్లు తలా కొన్ని పంచుకుంటామని, నాకు శ్రమ తగ్గుతుందని డాక్టరమ్మ చెప్పింది. మంచిదన్నాను.

అత్తయ్యా ఆయనా వేరే వైపు బస్సులో వచ్చారు. ఆవిడ లోపలికి వస్తూ నా చెయ్యి ఒకసారి నొక్కి, వెళ్ళి కూర్చుంది. డాక్టరమ్మ మొదలుపెట్టింది. వాన లేదు కదా, చివరి మెట్టు దాకా ప్రతి స్వరమూ వినపడింది. ఆయన చెవిలో కొత్త మిషను ఉంది. అయినా అత్తయ్య వేళ్ళు ఆయన చొక్కా అంచు మీదే ఉన్నాయి.

అయ్యాక టీలు, నవ్వులు, గ్లాసులు. ఎవరి జతలు వాళ్ళకున్నాయి. ఒక్కొక్కరే దిగిపోయారు. అత్తయ్య కుర్చీ మడవబోతే వద్దన్నాను. "బస్సు పోతుంది, మీరు బయల్దేరండి."

ఆయన నాలుగు మెట్లు దిగి ఆగాడు. ఆవిడ గుమ్మంలో నిలబడింది.

"వచ్చే వారం మా ఇంటికి రా అమ్మాయ్" అంది. "పొద్దున్నే వచ్చెయ్యి, భోంచేసి ఇటే వద్దాం."

మా ఇంటికి. నాతో మాట్లాడేటప్పుడు ఆవిడ అప్పటిదాకా మనిల్లనే అనేది. అనేశాక ఆవిడకూ తెలిసినట్టుంది. చేతిసంచీ ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది.

"వస్తానత్తయ్యా" అన్నాను. "ఏ బస్సెక్కాలి?"

ఆవిడ చెప్పింది. ఎక్కడ మారాలో, ఏ స్టాపులో దిగాలో, దిగాక నీళ్ళ ట్యాంకు ఎటువైపు ఉంటుందో, సందులో ఎన్నో గుమ్మమో, తాపీగా, చేత్తో గాలిలో గీసి చూపిస్తూ చెప్పింది.

"అప్పటికీ దొరక్కపోతే మిషన్ల మెకానిక్కు గారి ఇల్లెక్కడని అడుగు" అంది. "ఎవర్నడిగినా చెప్తారు."